నీ బొమ్మలో ఉన్న ఆ రైతు పేరేంటి తమ్ముడూ?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు పెట్టిన ఆరు బొమ్మలూ ఫోన్లో పెద్దవి చేసుకుని మరీ చూశాను. ఫైన్ ఆర్ట్స్ ఆఖరి ఏడాదని, ఊరు పల్నాడు వైపని, మీ బాబాయి కౌలుకు మిర్చి వేసి అప్పుల్లో కూరుకుపోయాడని, అందుకే కౌలు రైతుల మీద ఒక సిరీస్ వేస్తున్నానని రాశావు. మీ మాస్టారేమో ‘ఇది కళ కాదు, పోస్టరు’ అన్నారు. ఫ్రెండ్సేమో ‘బొమ్మలేస్తే ప్రభుత్వాలు మారతాయా’ అంటున్నారు. ఇన్‌స్టాలో లైకులు వస్తున్నా లోపల ఏదో వెలితిగా ఉందన్నావు. చివర్లో ‘అన్నా, అసలు బొమ్మ వల్ల ఏమైనా మారుతుందా, లేకపోతే నన్ను నేను మోసం చేసుకుంటున్నానా’ అని అడిగావు.

నేను నల్గొండ వైపు వాణ్ణి. సైన్‌బోర్డులు రాయడంతో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళకు పైగా గోడ పోస్టర్లు, లినోకట్లు (లినోలియం ముక్క మీద చెక్కి తీసే అచ్చులు) చేస్తూ బతుకుతున్నాను. నాకు తెలిసినంతలో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నీ బొమ్మల సంగతి, ఉన్నది ఉన్నట్టు. చెయ్యి బాగుంది. గీతలో బలం ఉంది, నలుపు ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి. కానీ ఆరు బొమ్మల్లో నాలుగింట్లో ఉరితాడు ఉంది. రెండింట్లో బీటలు వారిన నేల. ఒకదాంట్లో ఎముకలు తేలిన ఎద్దు, ఇంకోదాంట్లో నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూసే ముసలాయన. ఇవన్నీ మనం పేపర్లలో, సినిమా పోస్టర్లలో చూసీ చూసీ కంటికి అరిగిపోయిన బొమ్మలు. మీ బాబాయి వేసింది మిర్చి కదా. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు చేలు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకో. దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉండేది. దగ్గరికెళ్ళి పువ్వు విప్పితే లోపల నలుసంత నల్లటి పురుగులు గుంపుగా కదిలేవి. పూత రాలిపోయేది, కాయ నిలబడేది కాదు. మందు కొట్టినకొద్దీ దుకాణంలో ఖాతా పెరిగింది కానీ పురుగు పోలేదు. ఆ రైతులు మునిగింది పచ్చటి చేలో. నీ బొమ్మలో మాత్రం బీటలు వారిన నేల ఉంది. మీ బాబాయి దాన్ని చూసి ‘ఇది నా చేను’ అంటాడా? నీకు లోపల వెలితిగా ఉందన్నావే, నాకు తెలిసి అది ఇక్కడిదే.

ఇక్కడ నీకు చిత్తప్రసాద్ గురించి చెప్పాలి. నేను ఈ పనిలో ఎవరి దగ్గరైనా నేర్చుకున్నానంటే, నేను ఏనాడూ కలవని ఆ మనిషి దగ్గరే.

1915లో బెంగాల్లోని నైహాటిలో పుట్టాడు. ఆర్ట్ స్కూల్లో చదువుకోలేదు. పేరు చివర భట్టాచార్య అనే మాట కులం చెప్తోందని తీసేసి, బతికినంతకాలం ఉత్త చిత్తప్రసాద్‌గానే ఉన్నాడు. కమ్యూనిస్టు పార్టీకి పోస్టర్లు వేసేవాడు, పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’కి బొమ్మలు గీసేవాడు. 1943లో బెంగాల్ కరువు వచ్చింది. కరువంటే వానలు లేక వచ్చిన కరువనుకునేవు. యుద్ధంలో బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కణ్ణుంచి వచ్చే బియ్యం ఆగిపోయాయి. జపాన్ వాళ్ళ చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో పడవలు, బియ్యం నిల్వలు ప్రభుత్వమే లాగేసుకుంది. పడవ పోతే జాలరికి కూడు పోయినట్టే. బియ్యం ధర కూలివాడికి అందనంత పైకి పోయింది. మిడ్నపూర్ జిల్లాకైతే దానికి ముందే, 1942 అక్టోబరు 16న, పెద్ద తుఫాను వచ్చి సముద్రం ఊళ్ళ మీద పడింది. మొత్తం మీద పోయినవాళ్ళు సుమారు 30 లక్షల మంది అంటారు. ఇంత జరుగుతున్నా ప్రభుత్వం దాన్ని కరువుగా అధికారికంగా ప్రకటించనే లేదు. ప్రకటిస్తే కరువు నియమాల ప్రకారం తిండి పెట్టాల్సిన బాధ్యత మీద పడుతుంది కాబట్టి.

ఆ సంవత్సరం నవంబరులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగాడు. చాలావరకు నడకే. చేతిలో ఇంకు, బ్రష్షు, కాగితాలు. రోడ్ల పక్కన పడి ఉన్నవాళ్ళనీ, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళనీ, గంజి కేంద్రాల దగ్గర కూర్చున్నవాళ్ళనీ గీశాడు. ఆ బొమ్మలు ఎక్కడైనా దొరికితే బొమ్మతో ఆగకు, కింద రాసింది కూడా చదువు. చాలా బొమ్మల కింద ఆ మనిషి పేరుంటుంది. ఊరు ఉంటుంది. ఇంట్లో ఎంతమంది పోయారో, ఏం అమ్ముకుని ఇక్కడిదాకా వచ్చారో రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. అంటే గీసే ముందో గీశాకో పక్కన కూర్చుని అడిగాడన్నమాట. ఆకలితో మాట రాని మనిషి పక్కన కూర్చుని ‘నీ పేరేంటి’ అని అడగడం ఎంత కష్టమో ఊహించు. దూరం నుంచి గీసుకుని వచ్చేయడం చాలా తేలిక, ఎవరూ తప్పు పట్టరు కూడా. ఆయన అలా చేయలేదు.

పేరు ఎందుకు రాశాడనుకుంటున్నావు? పైవాళ్ళు కరువే లేదంటున్నారు. అలాంటప్పుడు ‘ఆకలి’ అని పెద్ద అక్షరాలు రాసి ఒక అస్థిపంజరం బొమ్మ వేస్తే, ప్రచారం అని తోసిపారేయడం క్షణం పని. ఫలానా ఊరి ఫలానా మనిషి, ఫలానా ఆస్పత్రి అరుగు మీద అని రాస్తే తోసిపారేయడం కష్టం. బొమ్మ అక్కడ సాక్ష్యం అయింది. ఈ ఒక్క సంగతి అర్థమవ్వడానికి నాకు పదేళ్ళు పట్టింది. నీకు ఇవాళే చెప్తున్నాను.

ఆ ప్రయాణం డైరీ, బొమ్మలు కలిపి ‘హంగ్రీ బెంగాల్’ అని చిన్న పుస్తకంగా వేశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఐదు వేల కాపీలు పట్టుకుని తగలబెట్టించింది. ఆయన కుటుంబం దగ్గర ఒక్క కాపీ మిగిలింది, దాన్ని బ్యాంకు లాకర్లో దాచుకున్నారు. దాన్నుంచే 2011లో ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు మళ్ళీ అచ్చేశారు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం, ఏమైనా మారిందా? ఆ బొమ్మలు కరువుని ఆపలేదు తమ్ముడూ. ఇది దాచి పెట్టి నీకు ఉత్సాహం ఎక్కించడం నాకిష్టం లేదు. నవంబరు నాటికే లక్షల మంది పోయారు. కానీ అదే సమయంలో పార్టీ పత్రికలో అచ్చయిన ఆయన బొమ్మలు, ఆయనతో పాటు తిరిగిన సునీల్ జానా ఫొటోలు బెంగాల్ బయటికి వెళ్ళాయి. ఇప్టా అనే ప్రజా నాటక సంఘం దళాలు ఊళ్ళు తిరిగి ఆటాపాటా కట్టి సహాయ నిధికి డబ్బు పోగు చేశాయి. ఆ ఇప్టా గుర్తు ఉందే, నగారా కొడుతున్న మనిషి బొమ్మ, అది వేసింది కూడా చిత్తప్రసాదే. ఒక్క బొమ్మ వల్ల ఇది జరిగిందని వేలు పెట్టి చూపించలేం. పాటలు, ఫొటోలు, నాటకాలు, చందాల డబ్బాలు, గంజి కేంద్రాల దగ్గర గరిటె పట్టినవాళ్ళు, వీటన్నిటి మధ్య బొమ్మ ఒకటి. నీ బొమ్మ ఒంటరిగా నిలబడి ప్రభుత్వాన్ని మార్చాలని నువ్వు దాని నెత్తిన బరువు పెడుతున్నావు, అందుకే నీకింత టెన్షన్.

మన దగ్గరకి వస్తే, అదే రోజుల్లో గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి షేక్ నాజర్ ప్రజా నాట్యమండలిలో బుర్రకథ చెప్తున్నాడు. ఆయన చెప్పిన కథల్లో బెంగాల్ కరువు ఒకటి. ఎక్కడి మిడ్నపూర్, ఎక్కడి తెనాలి! బుర్రకథ గురించి నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది, నీకు తెలిసే ఉంటుంది కానీ ఈ కోణంలో ఆలోచించావో లేదో. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు కదా, ఒకాయన హాస్యం, ఇంకొకాయన్ని ఏమంటారు? ‘రాజకీయం’ అంటారు. కథ పల్నాటి యుద్ధమైనా బొబ్బిలైనా, మధ్యలో ఆపి ఇవాళ్టి ఊరి సంగతి, దేశం సంగతి ఎత్తడం ఆయన పని. ఆయన్ని తీసేస్తే దళమే లేదు. కాబట్టి ఎవరైనా కళలోకి రాజకీయం ఎందుకు తెస్తావని అడిగితే, మన బుర్రకథ వేదిక మీద ఆయన కోసం ఎప్పుడూ ఒక చోటుందని చెప్పు. మా నల్గొండలో సుద్దాల హనుమంతు కూడా గొల్లసుద్దుల రూపాన్ని తీసుకుని తెలంగాణ సాయుధ పోరాటం సంగతులు చెప్పాడు. జనానికి ముందే అలవాటైన రూపంలోకి వెళ్ళారు వీళ్ళు. కొత్త రూపం కనిపెట్టి, జనం వచ్చి అర్థం చేసుకోవాలని కూర్చోలేదు.

మీ మాస్టారి మాటకి వస్తాను. ఆయన మీద కోపం పెట్టుకోకు. ఆ మాటలో సగం నిజముంది. పోస్టరు కదా అని పని తేలిగ్గా తీసుకుంటే అది నిజంగానే కళ కాదు, పోస్టరుగా కూడా పనికిరాదు. జర్మనీలో కేథె కోల్విట్జ్ అని ఒకావిడ ఉండేది, 1867లో పుట్టింది. భర్త డాక్టరు, బెర్లిన్‌లో కూలీలుండే పేటలో వైద్యం చేసేవాడు, ఆ వచ్చే ఆడవాళ్ళని చూస్తూనే ఆవిడ బొమ్మలు వేసింది. 1919 జనవరిలో కార్ల్ లీబ్‌నెక్ట్ అనే విప్లవ నాయకుణ్ణి చంపేశారు. ఆయన కుటుంబం అడిగితే ఆవిడ శవాగారానికి వెళ్ళి ఆయన్ని గీసుకొచ్చింది. దాన్ని ప్రింటుగా చేయడానికి ముందు ఎచింగ్‌లో, అంటే లోహపు పలక మీద, ప్రయత్నించింది, కుదరలేదు. లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు, చేసింది, అదీ నచ్చలేదు. తర్వాత ఎర్నెస్ట్ బార్లాక్ చెక్క అచ్చులు చూసి, అప్పటిదాకా తనకి అలవాటు లేని ఉడ్‌కట్ పట్టుకుని 1920లో పూర్తి చేసింది. శవం చుట్టూ వంగిన కూలీలు, ఒకడి చెయ్యి శవం ఛాతీ మీద. మూడు పద్ధతులు, ఏడాదికి పైగా పని. ఇంకో మాట, ఆవిడ ఆయన పార్టీ మనిషి కాదు. ఆయన రాజకీయాలతో వెళ్ళకపోయినా ఆ జనం దుఃఖం గీసే హక్కు ఆర్టిస్టుగా నాకుంది అని డైరీలో రాసుకుంది. 1924లో ఆవిడే ‘మళ్ళీ యుద్ధం వద్దు’ అని చెయ్యెత్తిన మనిషి పోస్టరు వేసింది. అది పోస్టరే. ఇవాళ్టికీ దాన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1933లో నాజీలు వచ్చాక అకాడమీ నుంచి ఆవిణ్ణి బయటికి నెట్టారు.

సోమనాథ్ హోర్ కూడా చూడు. చిత్తప్రసాద్ చెయ్యి పట్టి నడిపించిన కుర్రాడు. 1946లో తెభాగా రైతుల పోరాటం జరుగుతుంటే రంగ్‌పూర్ వెళ్ళి డైరీ రాస్తూ బొమ్మలు గీశాడు. అదే మనిషి పాతికేళ్ళ తర్వాత ‘గాయాలు’ అని ఒక సిరీస్ చేశాడు, తెల్లటి కాగితం గుజ్జులో చీలికలు, గంట్లు, అంతే. మనిషి బొమ్మే ఉండదు. మీ మాస్టారికి అది చూపిస్తే కళే అంటారు. కానీ ఆ తెల్ల కాగితం మీది గంటు కరువులో, రంగ్‌పూర్‌లో చూసిన కళ్ళ నుంచి వచ్చింది. అందుకని ‘కళా పోస్టరా’ అనే గొడవలో నువ్వు ఇరుక్కోకు. అక్కడికి వెళ్ళావా, చూశావా, చేతిపని ఎంత నిజాయితీగా చేశావు, ఇవే చూసుకో.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇది చెప్పడానికి ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంటుంది. తొంభైల్లో మా జిల్లాలో ఫ్లోరైడ్ మీద బొమ్మలు వేశాను. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అక్కడ బోరింగుల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పళ్ళు గారపట్టేవి, చిన్నపిల్లల కాళ్ళు విల్లులా వంగేవి, నలభై ఏళ్ళకే నడుం వంగిపోయి మెడ తిప్పలేని మనుషులుండేవాళ్ళు. నేను ఒక ఊరికి ఒక్కరోజు పోయి, ఒక పిల్లగాణ్ణి చూసి వచ్చి లినో చెక్కాను. వంకర కాళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు, వెనకాల బోరింగు, బోరింగు మూతి దగ్గర పుర్రె. పట్టణంలో చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఒక సంస్థవాళ్ళు తీసుకుని పోస్టరుగా వేశారు.

ఆర్నెల్ల తర్వాత ఒక ప్రింటు చుట్టి సంకలో పెట్టుకుని అదే ఊరికి పోయాను, ఆ పిల్లగాడి తల్లికి ఇద్దామని. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని ప్రింటు విప్పి చాలాసేపు చూసింది. చూసి, కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది: ‘మా వాని కాళ్ళే కనవడ్డయా నీకు? వాడు బడికి పోతడు. క్రికెట్ల ఎంపైరు వాడే తెలుసా, వాడు వేలు లేపితే పెద్దపోరగాండ్లు గూడ నోరెత్తకుండ పోతరు. నువ్వు ముక్కు గూడ సరిగ దియ్యలె.’

ముక్కు కూడా సరిగ్గా గీయలేదు. నిజమే. నేను ముఖం చూడనే లేదు, కాళ్ళు చూసి వచ్చేశాను.

ఆ తర్వాత ఆ ఊరికి చాలాసార్లు పోయాను. ఒకసారి సాయంత్రం ఆట చూశాను. గట్టు మీద రాయి మీద కూర్చున్నాడు, వంగిన కాళ్ళు ముందుకు చాపి, చేతిలో పుల్ల, మట్టిలో గీతలు గీసి పరుగులు లెక్కబెడుతున్నాడు. అవుటైనప్పుడు వేలు ఎత్తాడు. అంత గంభీరమైన ముఖం నేను పెద్దవాళ్ళలో కూడా చూడలేదు. అదే చెక్కాను. కాళ్ళు ఉన్నాయి అందులో, దాచలేదు. వెనకాల బోరింగు దగ్గర బిందెల వరస కూడా ఉంది. కానీ కన్ను ముందు ఆ ఎత్తిన వేలు మీదికి పోతుంది. ఆ ప్రింటు ఊళ్ళో ఇంటికొకటి అడిగి తీసుకున్నారు. క్యాలెండరు పక్కన పెట్టుకున్నారు. నీళ్ళ కోసం ధర్నా జరిగినప్పుడు ఎవరూ చెప్పకుండానే కర్రలకి కట్టుకుని తెచ్చారు. మొదటి బొమ్మని ఆ ఊరివాళ్ళు ఎవరూ ఇంట్లో పెట్టుకోలేదు.

ఆ మొదటి బొమ్మే ఇంకా నన్ను వెంటాడింది. తీసుకున్న సంస్థవాళ్ళు నన్ను అడక్కుండా దాన్ని విరాళాల కరపత్రం మీద వేసుకున్నారు, కింద ‘దయచేసి సాయం చేయండి’ అని. నీళ్ళు హక్కు అని అడగాల్సిన చోట ఆ పిల్లగాడు చెయ్యి చాపినట్టు అయిపోయాడు. వెళ్ళి గొడవపడ్డాను కానీ అప్పటికే పంచేశారు. అందుకే చెప్తున్నా, ఎవరికైనా బొమ్మ ఇస్తే ఎక్కడ వాడతారో, కింద ఏం రాస్తారో కాగితం మీద రాయించుకో. చెక్కిన బ్లాకు మాత్రం ఎవరికీ ఇవ్వకు. పార్టీలైనా, సంఘాలైనా, ఎన్జీవోలైనా సరే. వాళ్ళతో కలిసి పనిచెయ్యి, అవసరం, ఒంటరిగా చేసేది కాదిది. కానీ నీ కన్ను నీ దగ్గరే ఉంచుకో. చిత్తప్రసాద్ నలభైల చివర్లో పార్టీకి దూరమయ్యాడు, బొంబాయి అంధేరీలో ఒక్క గదిలో పేదరికంలోనే బతికాడు, పని మాత్రం ఆపలేదు. బూట్లు పాలిష్ చేసే పిల్లలు, బరువులు మోసే పిల్లల మీద లినోకట్ల సిరీస్ చేశాడు. 1969లో యూనిసెఫ్ డెన్మార్క్ కమిటీ వాళ్ళు పుస్తకంగా వేశారు. పిల్లల కోసం బొమ్మలాటలు కూడా కట్టాడు. 1978లో పోయాడు.

సరే, నీ కౌలు రైతుల దగ్గరికి రా. నేనైతే ఉరితాడు పూర్తిగా వదిలేస్తాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అప్పులో ఉన్న రైతు ఆ బొమ్మని గోడ మీద చూస్తే ఏమనుకుంటాడో, అందులో దారి అదొక్కటే కనిపిస్తుందేమోనని నాకు భయం. మరి ఏం గీయాలి? కౌలు రైతు కష్టంలో మిగతావాళ్ళకి లేనిది ఏంటో ఆలోచించు. దున్నేది ఆయన, పాస్‌బుక్ యజమానిది. బ్యాంకు లోను యజమాని పేరు మీద. పంట పోతే నష్టపరిహారం చాలాచోట్ల యజమాని ఖాతాలో. 2011లో కౌలుదారుల కార్డుల చట్టం వచ్చింది, 2019లో ఆంధ్రాలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కానీ దాని ప్రకారం కార్డు రావాలంటే ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన పెట్టడు. ఇటు తెలంగాణలో 2018లో రైతుబంధు ఇచ్చినప్పుడు కూడా కౌలు రైతుకి రాలేదు. ఆఖరికి మనిషి పోయాక కూడా, ఆయన కౌలు చేశాడని రుజువేదని ఆ ఇంట్లోవాళ్ళనే అడుగుతారు. అంటే ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు. మరి ఎక్కడుంది ఆ పేరు? పురుగుమందుల దుకాణం ఖాతా పుస్తకంలో ఉంది. వడ్డీ వ్యాపారి ప్రాంసరీ నోటు మీద ఉంది. అప్పు కాగితాల మీద మాత్రమే ఉంది.

చిత్తప్రసాద్ బొమ్మ కింద పేరు ఎందుకు రాశాడో చెప్పాను కదా, ఇప్పుడు నీకు ఆ పని ఎంత దగ్గరదో చూడు. మీ బాబాయింట్లో బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఒక ప్లాస్టిక్ కవరుంటుంది. అందులో మందుల బిల్లులు, ఎరువుల చీటీలు, యార్డు తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు), ఆధార్ జిరాక్సు, ఎప్పుడో పెట్టుకున్న అర్జీ నకలు, రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి. ఆ కవరు అడిగి తీసుకుని, మంచం మీద ఒక్కొక్కటీ పరిచి, ఒక రోజంతా దాన్నే గీయి. మడతలు పడి చిరిగిన చోట, వేలిముద్ర సిరా పులుముకున్న చోట, పెన్ను నొక్కి కూడిన లెక్క దగ్గర ఆగు. మీ పిన్నిని కూడా గీయి, మిరపకాయ కోతకి పోయే ఆడవాళ్ళ చేతుల మంట సంగతి ఆమెని అడుగు. బొమ్మకి ఏది కావాలో నీకే తెలుస్తుంది, నేను చెప్పింది మొదలుపెట్టడానికే.

పేరు రాసే ముందు మాత్రం ఇంట్లోవాళ్ళని అడుగు. ‘నీ పేరు, ఊరు కింద రాస్తాను, ఇది గోడల మీద అంటిస్తారు, ఫోన్లలో తిరుగుతుంది, దుకాణదారు, యజమాని కూడా చూస్తారు’ అని మొత్తం చెప్పి అడుగు. వచ్చే ఏడాది అదే యజమాని దగ్గర కౌలు పట్టాల్సినవాడు వద్దంటే వద్దు. అప్పుడు చేతులు గీయి, కవరు గీయి, పేరున్న చోట ఖాళీ వదిలెయ్యి, ఆ ఖాళీయే ఆయన పరిస్థితి చెప్తుంది. చచ్చిపోయిన మనిషిని గీయాలనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకుంటేనే గీయి.

ఇన్‌స్టా మానెయ్యమని అనను. దూరంగా ఉన్నవాళ్ళకి అదొక్కటే దారి. కానీ ఊళ్ళో చూపించాకే అక్కడ పెట్టు.

పని సంగతి, డబ్బు లేదన్నావు కాబట్టి. లినోలో చెయ్యి. ప్రెస్ మెషిన్ అక్కర్లేదు. ముక్క గట్టిగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టు, మెత్తబడుతుంది. గౌజులంటే చెక్కే చిన్న ఉలులు, వీ గౌజు ఒకటి, యూ గౌజు ఒకటి చాలు, ఎడమ చెయ్యి ఎప్పుడూ కత్తి వెనకే ఉండాలి, ముందు పెట్టావో వేలు పోతుంది. మన అక్షరాలన్నీ గుండ్రం, తిరగేసి చెక్కడం నరకంలా ఉంటుంది మొదట్లో. ట్రేసింగ్ పేపర్ మీద మామూలుగా రాసి, తిప్పి, లినో మీద దిద్దుకో. మలుపు దగ్గర కత్తి తిప్పకు, లినో ముక్కనే నెమ్మదిగా తిప్పు. ‘రైతు’లో ఐత్వం, ‘ఖాతా’లో దీర్ఘం నేను ఎన్నిసార్లు చెడగొట్టానో లెక్కలేదు. రోలరుతో ఇంకు పల్చగా పట్టించు, కాగితం వేసి స్టీలు గరిటె వెనక వైపుతో గుండ్రంగా రుద్దు. గంటకి పది పన్నెండు ప్రింట్లు వస్తాయి. ఇంకా ఎక్కువ కావాలంటే మంచి ప్రింటు ఒకటి తీసుకెళ్ళి జిరాక్స్ షాపులో ఏ3లో తీయించు, నలుపు తెలుపు కాబట్టి ఏమీ పోదు. గోడకి అంటించాలంటే మైదా పిండి పల్చగా ఉడికించి అందులో చిటికెడు మైలతుత్తం కలుపు, పురుగు పట్టదు, ఆ గిన్నె మాత్రం మళ్ళీ వంటకి వాడకండి. గోడ ఎవరిదో వాళ్ళని అడిగే అంటించు.

ఎరువుల దుకాణం ఎదుటి గోడ, రైతులు టీ తాగే హోటలు, మిర్చి యార్డు బయట ఆటోలు ఆగే చోటు, ముందు ఇవి చూడు. గ్యాలరీ తర్వాత.

చేసిన మొదటి ప్రింటు మీ బాబాయికే ఇవ్వు. పక్కనే కూర్చో, నువ్వేమీ వివరించకు. ఆయన ఏమన్నాడో ఆ మాట మార్చకుండా ఇక్కడ రాయి. ముక్కు సరిగ్గా లేదన్నా సరే రాయి. గౌజులు దొరక్కపోతే చెప్పు, నా దగ్గర పాతవి ఒక సెట్టు ఉంది, సాన పట్టి కొరియర్ చేస్తాను.